ఇసే, ఫుషిమి ఇనారి: రెండు షింటో క్షేత్రాల దర్శనం

జపాన్ వెళ్లే మనవారిలో చాలామంది షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయమంటే క్యోటోలోని ఫుషిమి ఇనారినే చూసి వస్తారు. అక్కడికి చేరడం అంత తేలిక: క్యోటో నుంచి జేఆర్ రైల్వే వారి నారా లైనులో రెండో స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ఆలయ ద్వారం ఉంటుంది, రుసుము లేదు, రాత్రింబవళ్లు ప్రవేశం ఉంటుంది. 233 మీటర్ల ఇనారి కొండ మీదికి వేలాది ఎర్రని తోరీ ద్వారాల కింద నడిచి వెళ్తాం. వాటిని సమర్పించిన వ్యాపారుల పేర్లు వెనుకవైపున చెక్కి ఉండటం వల్ల కొండ దిగేటప్పుడే కనబడతాయి. పొద్దెక్కితే జనంతో కింది భాగంలో అడుగు వేయడం కష్టం కనుక తెల్లవారుజామునే వెళ్లడం మేలు.

నా మనసు నిలిచినది మాత్రం ఇసే పట్టణంలోని జంట ఆలయాల్లో. క్యోటో నుంచి కింతెత్సు రైల్వే ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండు గంటల ప్రయాణం. ముందుగా అన్నప్రదాత తొయొఉకె కొలువైన గెకూ (బయటి ఆలయం), ఆ తర్వాతే సూర్యదేవత అమతెరాసు నెలవైన నైకూ (లోపలి ఆలయం) దర్శించడం ఆచారం. రెంటి మధ్య బస్సులు తరచుగా తిరుగుతాయి. ఇక్కడి తోరీలకు రంగు ఉండదు. నైకూ ప్రవేశంలోని ఉజి వంతెన రెండు చివర్ల ఉన్న తోరీలను పాత ప్రధానాలయాల స్తంభాలతోనే నిలిపారు. ఇరవై ఏళ్లకోసారి పక్కనున్న ఖాళీ స్థలంలో హినోకి (జపాన్ సైప్రస్) కలపతో ఆలయాన్ని యథాతథంగా కొత్తగా కట్టి దేవతను అక్కడికి తరలిస్తారు; 2013లో జరిగినది 62వది, తరువాతిది 2033లో. వడ్రంగుల విద్య తరం నుంచి తరానికి అందడానికి ఇంతకు మించిన ఏర్పాటు నాకు తోచదు.

చేతులూ నోరూ శుభ్రం చేసుకోవడానికి తొట్టెలున్నా, నైకూలో ఇసుజు నది ఒడ్డున రాతి మెట్లు దిగి ఆ నీటితోనే చేతులు కడుక్కోవచ్చు. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు చరిచి, మళ్లీ ఒకసారి వంగి నమస్కరించాలి. మూలవిరాట్టును కన్నులారా చూడాలనుకునే మనకు ఇక్కడ కనిపించేది ద్వారానికి వేలాడే తెల్లని తెర మాత్రమే. ప్రధానాలయం ముందరి మెట్లు ఎక్కాక ఫొటోలు నిషిద్ధం.

ఇసేలో ఒక రాత్రి బస చేయడం మంచిది, ఎందుకంటే ఆలయం ఉదయం ఐదింటికే తెరుస్తారు. మేము దిగిన సత్రంలాంటి ర్యోకాన్‌లో గది, స్నానశాల ఎంతో శుభ్రంగా ఉన్నాయి గాని, శాకాహారులమని ముందే తెలిపినా రసంలో చేపల సారం తప్పలేదు. శాకాహారులు బియ్యపు ముద్ద మీద ఎర్ర చిక్కుడు గింజల తీపి పూత పూసిన అకఫుకు మోచీని నిశ్చింతగా తినవచ్చు; 1707 నుంచి ఇక్కడ అమ్ముతున్న ఆ మిఠాయి నైకూ ఎదుటి వీధిలో ఉదయాన్నే దొరుకుతుంది.