సిరిమాను వీడియో ఆగి ఆగి ఆడుతుంటే: వీఎల్‌సీ 3 ఎంతవరకు ఆదుకుంటుంది

విజయనగరంలో సిరిమానోత్సవం అయిన మర్నాటి నుంచి పెన్‌డ్రైవులు చేతులు మారుతుంటాయి. ఫోనులో శుభ్రంగా ఆడిన వీడియో ఇంట్లో కంప్యూటర్లో పెడితే మాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. లేదంటే సిరిమాను అక్కడే నిలబడిపోయి, జనం కేకలు మాత్రం ముందుకు వెళ్లిపోతాయి. ఇందుకు కోడెక్ (బొమ్మను, శబ్దాన్ని కుదించి మళ్లీ విప్పే పద్ధతి) ప్యాకులు వేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కర్లేదు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరు చాలు, అయితే దాని చేతిలో లేని పని ఏదో ముందే తెలిసుండాలి.

ఎంపీ4, ఎంకేవీ అన్న ఫైలు రకాలు గోనె సంచులు. లోపల ఉన్నవి బియ్యమో చోళ్లో సంచిని చూసి చెప్పలేం. బొమ్మ కోడెక్ హెచ్.264 కావచ్చు, హెచ్.265 కావచ్చు. శబ్దం ఏఏసీ కావచ్చు, ఏసీ3 కావచ్చు. చాలా విండోస్ కంప్యూటర్లలో సొంత ప్లేయరుకు హెచ్.265 విప్పాలంటే స్టోరులో విడిగా ఎక్స్‌టెన్షన్ కొనాలి. వీఎల్‌సీ విప్పే సరంజామా అంతా తనతోనే తెచ్చుకుంటుంది, పైగా ఉచితం. దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థ సొంత సైటు నుంచే దించుకోండి. 2022లో కొన్ని నెలలు మన దేశంలో ఆ సైటు తెరుచుకోలేదు, నవంబరులో మళ్లీ వచ్చింది. ఇప్పుడు వేరే సైట్ల గుమ్మం తొక్కాల్సిన పని లేదు.

వీడియో ఆడుతుండగా కంట్రోల్, జె కలిపి నొక్కండి. కోడెక్ పేరు, రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలో) కనిపిస్తాయి. పక్కనే స్టాటిస్టిక్స్‌లో 'లాస్ట్' (పోయిన ఫ్రేములు) అన్న అంకె పెరుగుతూ పోతుంటే కంప్యూటరు ఫ్రేములను అందుకోలేక వదిలేస్తోందని అర్థం. అప్పుడు టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్/కోడెక్స్‌లోకి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియో విప్పే పనిని చిప్‌లోని ప్రత్యేక భాగానికి అప్పగించడం) 'ఆటోమేటిక్'లో ఉందో లేదో చూడండి. ఆటోమేటిక్‌లో పెట్టాక ఆకుపచ్చ గళ్లు వస్తే 'డిసేబుల్' చేసి, వీడియో ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

అసలు చిక్కు చిప్‌లో ఉంది. ఇంటెల్ 6వ తరంలో 8 బిట్ (బిట్లు పెరిగితే రంగుల ఛాయలు పెరుగుతాయి) హెచ్.265 విప్పే భాగం ఉంది. 10 బిట్‌కు పూర్తి సాయం 7వ తరం నుంచే. 4వ తరం చిప్ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద ఫోనులో తీసిన 4కే 60 ఫ్రేముల హెచ్.265 పెడితే భారమంతా ప్రాసెసరు మీదే పడుతుంది. ఏ ప్లేయరు పెట్టినా నత్తనడకే. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాములో 'ఫాస్ట్ 1080పీ30' ఎంచుకుని హెచ్.264గా మార్చుకోవడమే దారి. పెద్ద ఫైలైతే రాత్రి పెట్టి పడుకోండి. వీఎల్‌సీలోనూ కన్వర్ట్ ఉంది గానీ దాని జోలికి వెళ్లొద్దు. నాణ్యత అదుపు చేసే సదుపాయాలు అందులో అరకొర.

మాటకూ బొమ్మకూ పొత్తు కుదిరిందో లేదో పట్టుకోవడానికి తప్పెటగుళ్ల వీడియోను మించిన పరీక్ష లేదు. చెయ్యి తప్పెటకు తగిలిన క్షణానికే చప్పుడు వినపడాలి. చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే వినిపిస్తే శబ్దం ముందుంది, కె నొక్కండి. దెబ్బ పడ్డాక ఆలస్యంగా వస్తే జె. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను ఎడం పెరుగుతుంటే ఈ మీటలు పనిచేయవు. ఫోన్లు ఫ్రేమ్ రేటును మారుస్తూ తీస్తాయి, ఎడిటింగులో దానివల్లే మాటకూ బొమ్మకూ పొత్తు తప్పుతుంది. అసలు ఫైలును హ్యాండ్‌బ్రేక్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చి, ఆ తర్వాతే ఎడిటింగుకు ఇవ్వాలి. ఇ నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకు వెళుతుంది. వెనక్కి ఒక్కో ఫ్రేమూ వచ్చే మీట లేకపోవడం ఈ ప్లేయరులో నిజమైన లోటు.

ఆ నాట్యంలోనే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే అది ఫైలు చెడిపోవడం కాదు. పాత పెళ్లి కెమెరాల ఎంటీఎస్ ఫైళ్లు చాలావరకు సెకనుకు 50 సగం బొమ్మలుగా ఉంటాయి. డి నొక్కండి. వీడియో మెనూలో డీఇంటర్లేస్ (సగం బొమ్మలను నిండు బొమ్మలుగా మార్చడం) మోడ్ 'యాడిఫ్ 2ఎక్స్' పెడితే కదలిక నున్నగా వస్తుంది.

5.1 (ఆరు ఛానెళ్ల) శబ్దమున్న సినిమాల్లో పాటలు హోరెత్తి మాటలు వినపడకపోవడానికి కారణం, మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్లో ఉండటం. రెండే స్పీకర్లున్నప్పుడు వాల్యూమ్ 125 శాతానికి లాగితే శబ్దం పగిలిపోతుంది. ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ (హోరుకూ మెల్లటి శబ్దానికీ ఉన్న తేడాను తగ్గించేది) ఆన్ చేసి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

వీఎల్‌సీ చేతులెత్తేసేది ఒక చోట: రికార్డింగు మధ్యలో బ్యాటరీ అయిపోయిన ఎంపీ4. విషయసూచిక లాంటి 'మూవ్' భాగాన్ని కెమెరా సాధారణంగా చివర్లో రాస్తుంది, అది పడకపోతే ఫైలు ఎంత పెద్దదైనా ఆడదు. వీఎల్‌సీకి తెలిసిన మరమ్మతు ఏవీఐలకే. దీనికి అన్‌ట్రంక్ అనే ఉచిత పరికరం ప్రయత్నించండి. అదే కెమెరాతో, అదే సెట్టింగుతో తీసిన బాగున్న క్లిప్పు ఒకటి దానికి నమూనాగా ఇవ్వాలి, కాబట్టి మెమరీ కార్డు చెరిపేయకుండా పక్కన పెట్టండి.