సంజాయిషీ మాటా, సరిచేసిన గేమా?

గేమ్ మీద జనం మండిపడితే స్టూడియో ముందు రెండు దారులుంటాయి. ఒకటి, వెంటనే సంజాయిషీ. 2017 నవంబరులో గేమ్‌ల కంపెనీ ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అదే చేసింది. దాని స్టార్ వార్స్ గేమ్ 'బ్యాటిల్‌ఫ్రంట్ 2'లో డార్త్ వేడర్ పాత్రతో ఆడాలంటే 60,000 క్రెడిట్లు (ఆటలో సంపాదించే పాయింట్లు) కూడబెట్టాల్సి వచ్చేది. ఎందుకంత అని అడిగితే, సాధించామన్న గర్వం కోసం అంది. చర్చల సైట్ రెడిట్‌లో ఆ జవాబుకు 6 లక్షలకు పైగా డౌన్‌వోట్లు (నచ్చలేదనే ఓట్లు) పడ్డాయి. క్రెడిట్లు 15,000కి తగ్గించినా కోపం చల్లారలేదు.

రెండోది, మాటలు తగ్గించి పనిలో పడటం. 2016 ఆగస్టులో 'నో మ్యాన్స్ స్కై'లో ముందు చెప్పిన ఫీచర్లు లేవని దాన్ని తయారుచేసిన హలో గేమ్స్‌ను ఉతికి ఆరేశారు. వాళ్లు నెలల తరబడి దాదాపు మాట్లాడలేదు. నవంబరులో పెద్ద అప్‌డేట్, 2018లో అసలైన మల్టీప్లేయర్ (పలువురు కలిసి ఆడే వీలు), అన్నీ ఉచితంగానే.

నా ఓటు రెండోదానికే. అయినా డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఆ మౌనం ఎంత టెన్షన్! మధ్యమధ్యలో ఒక్కో ముక్క చెప్తూ ఉంటే బాగుండేది.