పాత పద్మినికి రెండు వందల రూపాయల మల్టీమీటర్: పదేళ్ళు వాడాక

2015లో హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో 200 రూపాయలు పెట్టి కొన్న పసుపు రంగు చిన్న మల్టీమీటర్ (వోల్ట్‌లు, ఓమ్‌లు కొలిచే పరికరం) గురించి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు, అదే ఆకారం, అదే గుండ్రటి స్విచ్‌తో రకరకాల పేర్ల మీద అమ్ముతారు, లోపల దాదాపు అన్నీ ఒకటే. నేను దీన్ని ఇంట్లో ప్లగ్ బోర్డులకు కాదు, 1985 మోడల్ ప్రీమియర్ పద్మిని కారుకి వాడాను. నాన్నగారు నడిపిన బండి. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్, చేత్తో లాగే చోక్. ఈ కార్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగిపోయింది. కాబట్టి ఇలాంటి బండి ఉన్నవాళ్ళకు, పొద్దున్నే అది స్టార్ట్ కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం చాలా అవసరం.

నేను మీటర్ కొన్నది ఒక నెల రోజులు బాధపడ్డాక. సెల్ఫ్ కొడితే ఇంజన్ బరువుగా మూలుగుతూ రెండు చుట్లు తిరిగి ఆగిపోయేది. అప్పట్లో చూపించిన గ్యారేజీలో ముందు బ్యాటరీ మార్చారు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలు. తర్వాత సెల్ఫ్ మోటర్ విప్పి కార్బన్‌లు, బుష్‌లు మార్చారు. ఆ తర్వాత స్పార్క్ పుట్టించే కాయిల్ కూడా కొత్తది వేశారు. తొమ్మిది వేలు దాటింది, బండి మాత్రం వీధిలో పిల్లలు తోస్తేనే కదిలేది. ఒకరోజు చాలాసేపు సెల్ఫ్ కొట్టాక చోక్ లాగబోతే చెయ్యి చురుక్కుమంది, చోక్ కేబుల్ వేడెక్కి ఉంది! కరెంటుతో సంబంధం లేని తీగ ఎందుకు కాలుతోంది? ఆ ప్రశ్నతోనే కోఠీ వెళ్ళాను.

మొదటి కొలత బ్యాటరీ మీద. బండి ఆపి రాత్రంతా ఉంచాక 12.6 వోల్ట్‌లు చూపించింది, అంటే నిండుగా ఉంది. తర్వాత కాయిల్ నుంచి డెల్కోకి (స్పార్క్‌ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి) వెళ్ళే లావు తీగ తీసి ఎర్త్‌కి కలిపి, ఇంజన్ అందుకోకుండా చేసి, మా అబ్బాయిని కీ తిప్పమన్నాను. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ 10 దగ్గరికి దిగడం మామూలే, 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీనే అనుమానించాలి. నాకు 11.5 దగ్గరే ఆగింది. చూడ్డానికి అది మంచి అంకెలా ఉంటుంది, కానీ ఇంజన్ అంత మెల్లగా తిరుగుతూ బ్యాటరీ అంత సుఖంగా ఉందంటే కరెంటు మోటర్ దాకా పోవడం లేదని అర్థం. దారిలో ఎక్కడో అడ్డం ఉంది.

అప్పుడు మీటర్ తీగల మొనల్లో ఒకటి బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద (క్లాంప్ మీద కాదు, సీసపు పోస్ట్ మీదే), ఇంకోటి ఇంజన్ మీద రంగు లేని ఇనుము మీద ఆనించి మళ్ళీ కీ తిప్పించాను. 3.7 వోల్ట్‌లు! అక్కడ అర వోల్ట్ లోపే ఉండాలి. పద్మినిలో ఇంజన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుని ఉంటుంది, సెల్ఫ్ వాడే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు అంతా ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ గుండానే వెనక్కి రావాలి. ఆ పట్టీ చివర మట్టి, గ్రీజు కింద పచ్చగా తుప్పుపట్టి ఉంది. దారి లేక కరెంటు, ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఇంకో లోహపు తీగ అయిన చోక్ కేబుల్ గుండా వస్తోంది, అందుకే అది కాలింది. రెండు చివర్లూ ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, రాణిగంజ్‌లో కొత్త పట్టీ తెచ్చి బిగించాను. కొలత 0.2కి దిగింది. ఇంజన్ ఒక్క తిప్పులో అందుకుంది. మార్చిన సామాను మూడింటిలో ఒక్కటీ మార్చాల్సింది కాదని తెలిసి చాలా బాధేసింది, కానీ పాత కాయిల్ పారేయకుండా అట్టపెట్టెలో దాచాను, అది తర్వాత పనికొచ్చింది.

2017 వానాకాలంలో బండి రెండు నెలలు కదలలేదు. సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, స్పార్క్ లేదు. కీ ఆన్‌లో పెట్టి కాయిల్ నెగటివ్ దగ్గర కొలుస్తూ, నాలుగో గేరులో బండిని ముందుకీ వెనక్కీ జరిపాను. పాయింట్లు (డెల్కో లోపల కలుస్తూ విడిపోతూ కాయిల్‌కి కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్) కలిసినప్పుడు సున్నా దగ్గరికి, విడిపోయినప్పుడు 12కి అంకె మారుతుండాలి. నాది 12 దగ్గరే నిలబడిపోయింది, అంటే పాయింట్లు కలిసినా కరెంటు దాటడం లేదు, చెమ్మకి పొర కట్టింది. సన్నటి కాగితంతో తుడిచి గ్యాప్ సరిచేశాను, అంతే. అదే సున్నా దగ్గరే నిలబడి ఉంటే పాయింట్లు విడిపోవడం లేదని, లేదా పాయింట్లకు జతగా ఉండే కండెన్సర్ షార్ట్ అయిందని చూడాలి. ఈ ఒక్క పరీక్ష కోసమైనా పాయింట్ల బండి ఉన్న ప్రతి ఒక్కరూ మీటర్ కొనొచ్చు.

2019 మే నెలది ఇంకో కథ. ఇరవై నిమిషాలు నడిచాక బండి ఆగిపోయేది, గంట చల్లారితే మళ్ళీ మామూలే. మా మెకానిక్ ఉస్తాద్ కూడా "సార్, పంపు వేడెక్కి పెట్రోల్ ఆవిరవుతోంది, తడిగుడ్డ వేయండి" అన్నాడు. ఎండాకాలం పద్మినికి అది నిజంగానే వచ్చే జబ్బు, అందరం గుడ్డ వేసినవాళ్ళమే. ఈసారి గుడ్డ వేసినా లేవలేదు. ఆగిన చోటే, రోడ్డు పక్కనే, కాయిల్ తీగలు విప్పి మీటర్‌ని ఓమ్స్‌లో (తీగలో కరెంటుకి ఎంత అడ్డుందో చూపే చోట) పెట్టి చూశాను. ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు లావు తీగ వైపు 8 వేల ఓమ్‌లు చూపించేది, వేడిలో తెర మీద ఎడమ చివర 1 మాత్రమే మిగిలింది, అంటే లోపల తీగ తెగి విడిపోయింది, చల్లారితే మళ్ళీ ఆనుకుంటోంది. గ్యారేజీలో వేసిన ఆ కొత్త కాయిల్ తీసేసి అట్టపెట్టెలోని పాతది బిగించాను. ఇప్పటికీ బండిలో అదే ఉంది.

ఇక మీటర్ లోపాలు. రెండో ఏడాదికే తీగలు మొనల మెడ దగ్గర తెగాయి, టంకం వేసి నడిపించి చివరికి లావు తీగలు కొన్నాను. తెర మీద అంకె సెకనుకి రెండు మూడు సార్లే మారుతుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు అసలు కింది అంకె చాలాసార్లు కంటికి దొరకదు, మూడు నాలుగు సెకన్లు తిప్పిస్తేనే తెలుస్తుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది లోపలి 9 వోల్ట్‌ల బ్యాటరీ: అది నీరసపడితే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి ఆగి ఉన్న బండిలో 14.8 చూపిస్తే టెన్షన్ పడి వైరింగ్ అంతా వెతికాను. ఏడాదికోసారి ఆ బ్యాటరీ మార్చేయండి. 10 ఆంపియర్ల రంధ్రంలో తీగ ఉంచి మాత్రం ఎప్పుడూ వోల్ట్‌లు కొలవకండి, అది నేరుగా షార్ట్ చేసినట్టే, చవక మీటర్లలో ఆ దారికి ఫ్యూజ్ కూడా ఉండదు.

ఇంకోటి తెలుసుకోవాలి. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటర్ 12 వోల్ట్‌లు చూపిస్తుంది, ఎందుకంటే అది లాగే కరెంటు లెక్కలోకి రాదు. నేను ఇలాగే ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే తీగ బాగుందనుకుని ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. ఇండికేటర్ బల్బు ఒకదానికి రెండు తీగలు టంకం వేసి అక్కడ పెడితే వెలగనే లేదు. అందుకే ఇప్పుడు బల్బు, మీటర్ రెండూ వాడతాను.

పెట్రోల్ వైపు సమస్యకి మీటర్ సాయం చేయదు. పంపు డయాఫ్రమ్ చినిగిందా, రబ్బరు పైపు పగిలిందా అన్నది కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి, స్పార్క్ తీగ తీసేసి, సెల్ఫ్ కొట్టి చూడాల్సిందే. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు పైపులు తొందరగా మెత్తబడుతున్నాయి, నేను రెండుసార్లు మార్చాను.

మళ్ళీ కొనాల్సివస్తే ఇదే రకం కొంటాను. కానీ అదే రోజు మొనలకు తగిలించే, కరిచి పట్టుకునే మొసలి క్లిప్‌లు కూడా తీసుకుంటాను, అవి ఉంటే కీ తిప్పడానికి ఇంకో మనిషిని పిలవక్కర్లేదు. కొనేటప్పుడు దుకాణంలోనే కొత్త 9 వోల్ట్‌ల బ్యాటరీ మీద పెట్టి చూడండి, 9.5 దరిదాపుల్లో చూపిస్తే తీసుకోండి. నాదాని మీద గుండ్రటి స్విచ్ చుట్టూ ఉండే 20 వోల్ట్‌ల గీత అరిగిపోయింది, తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టుకున్నాను.