రోమ్‌లో రాత్రి భోజనానికి టేబుల్ ముందే బుక్ చేయాలా, వెళ్లి చూసుకోవాలా?

ట్రిప్ అనగానే మా ఇంట్లో ఇదే వాదన, మావారు ఇక్కడి నుంచే అన్ని పూటలకీ టేబుళ్లు బుక్ చేసేద్దాం అంటారు, నేనేమో ఆకలేసినప్పుడు ఎదురుగా ఏది కనిపిస్తే అక్కడ తిందాం అంటాను. అత్తయ్యగారిని, మామయ్యగారిని రోమ్ తీసుకెళ్లొచ్చాక నా అభిప్రాయం కొంచెం మారింది, పూర్తిగా కాదు.

అక్కడ చాలా రెస్టారెంట్లు మధ్యాహ్నం పన్నెండున్నరకి తెరిచి రెండున్నర, మూడు కల్లా వంట ఆపేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. మేం శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి బుకింగ్ లేకుండా ట్రాస్టెవెరే అనే పాత పేటలో తిరిగాం, వరసగా మూడు చోట్ల ఖాళీ లేదన్నారు, రాళ్లు పరిచిన ఆ వీధుల్లో మామయ్యగారు మోకాళ్ల నొప్పితో నడుస్తూ ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇంకా బాధేసింది. చివరికి దొరికిన చోట కూర్చున్నాం, తిన్నామంటే తిన్నాం. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే శుక్ర, శని రాత్రులకీ ఆదివారం మధ్యాహ్నానికీ బుక్ చేసుకోవాల్సిందే, ఆదివారం అక్కడి కుటుంబాలు కూడా బయటే తింటాయి.

అలాగని వారం మొత్తానికి ఇక్కడి నుంచే బుక్ చేస్తే ఇంకో ఇబ్బంది. ఎండాకాలంలో మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే మన ఒంటికి అర్ధరాత్రి, దిగిన రోజు ఎవరికి ఓపిక ఉంటుంది చెప్పండి. వాటికన్ మ్యూజియం చూసేసరికే కాళ్లు అరిగిపోతాయి, ఇక ఊరికి ఆ చివర బుక్ చేసిన చోటికి పరిగెత్తాలి. కొన్ని చోట్ల కార్డ్ నంబర్ తీసుకుంటారు, చెప్పకుండా మానేస్తే డబ్బులు కట్ అవుతాయి.

ఆదివారం తప్ప పగలు మాత్రం బుకింగ్ అక్కర్లేదు, పిజ్జా అల్ తాల్యో అని కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు, నిలబడి తినేయొచ్చు, పిల్లలకి అదే పండగ.

నాకు బాగా కుదిరింది మధ్యేమార్గం, పొద్దున టిఫిన్ చేస్తూ ఆ రోజు ఎటు వెళ్తున్నామో చూసుకుని రాత్రికి అటువైపే ఒక టేబుల్ చెప్పుకోవడం. ద ఫోర్క్ యాప్‌లో చేయొచ్చు, లేదా బస చేసిన చోట రిసెప్షన్‌లో అడిగితే ఫోన్ చేసి పెట్టారు. ఆగస్టులో వెళ్తే మాత్రం ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి, 15న వాళ్లకి ఫెర్రాగోస్తో సెలవు, ఆ చుట్టుపక్కల రోజుల్లో చాలామంది షాపులు మూసి ఊళ్లకి వెళ్లిపోతారు.

శాకాహారులకైతే ముందే ఫోన్ చేయడంలో పెద్ద లాభం ఉంది. కార్బొనారా అనే పాస్తాలో గుడ్డు, పంది మాంసం రెండూ ఉంటాయి, ఫ్రెష్ పాస్తా పిండిలో కూడా చాలావరకు గుడ్డు కలుపుతారు, అత్తయ్యగారేమో గుడ్డు ముట్టరు. బుక్ చేసేటప్పుడే "సెంజా కార్నె, సెంజా ఉవోవా", అంటే మాంసం వద్దు, గుడ్డు వద్దు అని చెప్పిస్తే ఎండు పాస్తాతో టమాటా సాస్ వేసి చేసిపెట్టారు. మూడో రోజుకి ఆ మాటలు అత్తయ్యగారే వెయిటర్‌కి చెప్పేశారు.