పదేళ్ళకు పైగా విన్నాక: జాన్ హాసెల్ ‘పాసిబుల్ మ్యూజిక్స్’

ట్రంపెట్ అంటే నాకు పెళ్ళి బ్యాండే. ఊరేగింపులో పెళ్ళికొడుకు కారు ముందు బుగ్గలు పూరించి ఊదేది. అందుకే 2014లో, అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు జాన్ హాసెల్ చేసిన ఈ ఆల్బమ్ మళ్ళీ విడుదలైనప్పుడు సీడీ తెప్పించి, మైలాపూరులో మా మేడమీది గదిలో పెట్టగానే, ఇది ట్రంపెటేనా, జలుబు చేసిన గొంతుతో ఎవరైనా ఆలాపన చేస్తున్నారా అనిపించింది. (డబ్బా మూత పగిలే వచ్చింది. అమ్మినవాళ్ళకు రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇప్పటికీ రబ్బరుబ్యాండే దిక్కు.)

అసలు రికార్డు 1980 నాటిది, ఇంగ్లండు సంగీతకారుడు బ్రయన్ ఈనోతో కలిసి చేసింది. హాసెల్ మెంఫిస్‌లో పుట్టాడు, జర్మనీ వెళ్ళి ఆధునిక సంగీతకర్త స్టాక్‌హౌజెన్ దగ్గర చదివాడు, ఆ తర్వాత హిందుస్తానీ సంగీతంలో కిరాణా ఘరానా అనే సంప్రదాయపు గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యుడయ్యాడు. ఆ గాత్రపాఠం ఊదడంలోకి వచ్చేసింది. మూడు మీటల వాయిద్యం మీద స్వరం నుంచి స్వరానికి జారడమంతా పెదవుల పని. దానికి హార్మొనైజర్ (ఊదిన స్వరానికి వేరే స్వరాలు జోడించే ఎలక్ట్రానిక్ యంత్రం) తోడైతే ఒక్క ఊపిరికి నాలుగు గొంతులు లేస్తాయి. కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్‌ని కర్ణాటక కచేరీ పద్ధతిలో కూచోబెట్టాడు. ఇతని ట్రంపెట్ ఏ పద్ధతిలోనూ కూచోదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఘటం, మన కచేరీల్లో వాయించే మట్టికుండ. వాయిద్యాల పట్టీలో ఆ మాట చూసి ఉలిక్కిపడ్డాను. వాయించింది సెనెగల్‌కి చెందిన ఆయిబ్ డియెంగ్, బ్రెజిల్‌కి చెందిన నానా వాస్కన్సెలోస్. చెన్నై డిసెంబరు సభల్లో ఘట విద్వాంసుడు విక్కు వినాయకరామ్‌ని విన్న చెవికి మొదట్లో ఇదేం వాయింపురా అనిపించింది. మొదటి పాట ‘కెమిస్ట్రీ’కి తొడమీద తాళం వేస్తూ, సమం (తాళం మొదటి దెబ్బ) ఎక్కడ పడుతుందా అని ఎదురుచూశాను. చెయ్యి నొప్పెట్టింది గానీ, ముగింపు చెప్పే ముక్తాయింపు రాలేదు. తాళం వెయ్యడం మానేసి వినడానికి నాకు ఏడాది పట్టింది.

2015 డిసెంబరు వానల్లో కరెంటు పోయిన రాత్రి, ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగు మీద ‘ఛార్మ్’ పెట్టాను. 21 నిమిషాల పాట. వీధి నిండా నీళ్ళు, కప్పలు. ఏది రికార్డులోదో, ఏది బయటిదో కాసేపు తెలియలేదు.

గుచ్చుకునేవీ ఉన్నాయి. ‘బా-బెంజెలే’ అన్నది మధ్య ఆఫ్రికా అడవి జనం పేరు. పేరు వాళ్ళది, రికార్డులో వాళ్ళెవరూ లేరు. ఇంకో పాటకి అక్షాంశ రేఖాంశాలే పేరు. పటంలో వెతికితే ఖార్టూమ్‌కి దక్షిణాన సూడాన్‌లో తేలింది. పాట బాగుంటుంది, సూడాన్ మాత్రం వినబడదు. ‘ఫోర్త్ వరల్డ్’ అని, ఊళ్ళ సంప్రదాయాలనీ ఎలక్ట్రానిక్సునీ కలిపిన తన సంగీతానికి హాసెల్ పెట్టుకున్న పేరు మీద నాకు ఆ అనుమానం ఇంకా పోలేదు.

ఫోను స్పీకరులో మాత్రం వినకండి. ఘటం అడుగునుంచి వచ్చే గుమ్మంతా పోయి, చెవి దగ్గర దోమలా ట్రంపెట్ ఒక్కటే మిగులుతుంది.