ఎముకకి గాట్లు పెట్టించి పళ్ళు సరిచేయించుకున్నాను: ఐదేళ్ళ తర్వాత నా అనుభవం

క్లిప్పులు పెట్టించుకునేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. పైన కుడివైపు కోరపన్నుకి వరసలో చోటు లేక బయటికి పొడుచుకొచ్చి ఉండేది. కింద ముందు పళ్ళు నాలుగూ ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉండేవి. చిన్నప్పుడు మా ఊళ్ళో పళ్ళ డాక్టరంటే పన్ను పీకే డాక్టరే. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, బాబు. ఈ వయసులో ఇంకెందుకులే అని వదిలేశాను. కింద పళ్ళ సందుల్లో గార పేరుకుపోయి, బ్రష్ చేసిన ప్రతిసారీ రక్తం రావడం మొదలయ్యాక గానీ కదల్లేదు.

నేను విజయవాడలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. మొదట చూపించుకున్న ఆర్థోడాంటిస్ట్ (వంకర పళ్ళు సరిచేసే డాక్టరు) నాలుగు పళ్ళు తీసేయాలి, రెండేళ్ళ పైనే పడుతుంది అన్నారు. నాకేమో ఏడాది తిరిగేసరికి బదిలీ ఉంది. మా బ్రాంచిలోనే ఒకావిడ సగం వైద్యంలో ఊరు మారి, కొత్త ఊళ్ళో ఆ కేసు తీసుకునే డాక్టరు దొరక్క నానా అవస్థ పడింది. అందుకని ఇంకోచోట అడిగాను. అక్కడ చెప్పారు ఈ పద్ధతి గురించి. చిగురు తెరిచి, పళ్ళ వేళ్ళ మధ్య ఎముక పై పొరకి సన్నటి గాట్లు పెడతారు. దాని మీద ఎముక పొడి వేసి కుట్టేస్తారు. ఆ తర్వాత పళ్ళు తొందరగా జరుగుతాయి, పన్ను పీకే పని ఉండదు, తొమ్మిది పది నెలల్లో అయిపోవచ్చు అన్నారు. "ఎముక కొన్ని నెలలు మెత్తబడుతుందమ్మా. ఆ నెలల్లోనే మనం పని చేసేసుకోవాలి" అన్న డాక్టరు గారి మాట నాకు బాగా గుర్తు. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసొచ్చింది.

నాకు ఈ వైద్యం పనిచేసింది. అది ముందే చెప్పేస్తున్నాను. అయితే నేను డబ్బు కట్టింది వేగం కోసం. ఐదేళ్ళ తర్వాత నాకు మిగిలిన అసలు లాభం మాత్రం వేగం కాదు.

పద్ధతి మరీ కొత్తదేం కాదు. ఎముకకి గాట్లు పెట్టి పళ్ళు జరపడం గురించి హెన్రిక్ కోలే 1959లోనే రాశారు. గాట్ల మధ్య ఉన్న ఎముక ముక్క పన్నుతో సహా ఒక దిమ్మలా జరుగుతుందని అప్పట్లో అనుకున్నారు. అది నిజం కాదని తేల్చింది అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీ ఊరికి చెందిన విల్కో సోదరులు. ఒకరు ఆర్థోడాంటిస్ట్, ఇంకొకరు చిగుళ్ళ డాక్టరు. 2001లో వాళ్ళు తమ కేసుల స్కాన్లు చూపించి, గాట్లు పెట్టినచోట ఎముకలోని ఖనిజం కొంతకాలం తగ్గి, మళ్ళీ చేరుతోందని రాశారు. విరిగిన ఎముక చుట్టూ మరమ్మతు వేగం పెరుగుతుందని ఫ్రాస్ట్ అనే ఎముకల డాక్టరు 1980ల్లోనే వివరించారు. ఇక్కడా అదే జరుగుతుంది. వేసవిలో బిగిసిన నేల ఒక్క వానకి మెత్తబడ్డట్టు పంటి చుట్టూ ఎముక మెత్తబడుతుంది. మొదటి రెండు నెలలు ఆ మెత్తదనం బాగా ఉంటుంది. తర్వాత తగ్గుతూ వచ్చి, నాలుగు నుంచి ఆరు నెలల్లో మామూలైపోతుంది. ఎముక పొడి కూడా వేయడం విల్కోల పద్ధతిలో ముఖ్యమైన భాగం. దాని సంగతి తర్వాత చెప్తాను.

2020 జనవరి మూడో వారంలో క్లిప్పులు అంటించారు. ఆ తర్వాతి వారం ఆపరేషన్. మత్తు ఇంజెక్షన్లు చిగుళ్ళకే, పూర్తి స్పృహలోనే ఉన్నాను. పైనా కిందా కలిపి మూడున్నర గంటలు పట్టింది. ముందు మోచేతి దగ్గర రక్తం తీసి, గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టారు. కాసేపటికి గొట్టంలో లేత పసుపు రంగులో జున్నుముక్క లాంటిది గడ్డకట్టింది. దాన్ని పల్చగా నొక్కి, ఎముక పొడి మీద దుప్పటిలా కప్పుతామన్నారు. గాట్లు పెట్టే పరికరం డ్రిల్లులా గిర్రుమనదు. సన్నటి కీచుశబ్దం, దానితోపాటు నోట్లో నీళ్ళు. నొప్పి తెలియలేదు గానీ ఆ అదురు పుర్రె అంతటా పాకింది. కళ్ళు గట్టిగా మూసుకుని హనుమాన్ చాలీసా చదువుకున్నాను.

మొదటి రోజంతా ఐసు. మూడో రోజుకి బుగ్గలు ఉబ్బి, మా బాబు నా దగ్గరికి రావడానికి కూడా భయపడ్డాడు. వారం రోజులు రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ. పదిహేను రోజులకి కుట్లు తీశారు. ఇచ్చిన మౌత్‌వాష్‌తో నాలుకకి రుచి తెలియకుండా పోయింది, పళ్ళ మీద గోధుమ రంగు మరక పట్టింది. ఆపేశాక రెండూ పోయాయి. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఏదీ వేసుకోవద్దన్నారు. ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వాపుని తగ్గిస్తాయి. కానీ ఎముక మెత్తబడి పన్ను జరగడానికి కావాల్సిందే ఆ వాపు. నేను నెలసరి నొప్పికి అలవాటుగా వేసుకునే మాత్ర కూడా ఆ కోవలోదేనని ఫిబ్రవరిలో ఒకటి వేసేసుకున్నాక గానీ తెలియలేదు. ఆడవాళ్ళు ఎవరైనా ఈ వైద్యానికి వెళ్తే ఈ సంగతి ముందే అడిగి పెట్టుకోండి, మనకి ఎవరూ తమంతట తాము చెప్పరు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. కుట్లు తీసిన రోజు నా ఫైలు తిరగేస్తుంటే ఎముక పొడి సీసా స్టిక్కర్ కనిపించింది. దాని మీద బోవైన్ అని ఉంది. అంటే పశువుల ఎముకని శుద్ధి చేసి తయారుచేసిన పొడి. వైద్యపరంగా అది ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న మంచి వస్తువే, అందులో అనుమానం లేదు. మా ఇంట్లో మాంసం ముట్టం. సంతకం పెట్టించుకున్న కాగితంలో "బోన్ గ్రాఫ్ట్" అని మాత్రమే ఉంది. అడిగితే, "అందరికీ అదే వాడతాం మేడమ్, ఎవరూ అడగరు" అన్నారు. కృత్రిమంగా తయారుచేసిన పొడి కూడా దొరుకుతుంది. నాకు ముందే చెప్పి ఉంటే దేన్ని ఎంచుకునేదాన్నో ఇప్పుడు నేను చెప్పలేను. ఆ ఎంపిక మాత్రం నాది. ఇది మా అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర దాచాల్సిన పరిస్థితిలో ఒక మనిషిని పెట్టకూడదు.

ఇక పళ్ళు జరగడం గురించి. మామూలుగా నెలకోసారి, ఆరు వారాలకోసారి వెళ్తే సరిపోతుంది. ఈ పద్ధతిలో రెండు వారాలకోసారి వెళ్ళాల్సిందే. ప్రతి రెండో శనివారం బ్యాంకుకి సెలవు, నాలుగో శనివారం కూడా సెలవు, నా అదృష్టం కొద్దీ లెక్క సరిపోయింది. వెళ్ళిన ప్రతిసారీ తేడా కంటికి కనిపించింది. ఫిబ్రవరి చివరికి కోరపన్ను దాదాపు వరసలోకి దిగిపోయింది. కింద పళ్ళు విడిపోయి, అన్నేళ్ళలో మొదటిసారి వాటి మధ్య దారం దూరింది. పళ్ళన్నీ వేలితో తాకితే కదిలేవి. ఒకరోజు అన్నంలో టమాటా తొక్క కొరుకుతుంటే కింద ముందు పన్ను ఊగినట్టయ్యి, ఊడిపోతుందేమోనని ఒళ్ళు జలదరించింది. మెత్తబడ్డ ఎముకలో అది మామూలేనట. గట్టి ఆవకాయ ముక్క, జంతికలు, చెగోడీలు అన్నీ బంద్. పసుపు వేసిన పప్పు తింటే చాలు, తీగని పట్టుకుని ఉండే తెల్ల రబ్బర్లు మర్నాటికల్లా పచ్చబడేవి.

మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. క్లినిక్ మూసేశారు. నాకప్పటికి ఆపరేషన్ అయి రెండు నెలలే. ఎముక మెత్తగా ఉండే అమూల్యమైన రోజులు ఒక్కొక్కటీ ఖర్చయిపోతుంటే నేను బ్యాంకు కౌంటర్లో మాస్కు కట్టుకుని కూర్చున్నాను. ఏప్రిల్‌లో వెనక తీగ చివర బయటికొచ్చి బుగ్గకి గుచ్చుకుంటుంటే, గుచ్చుకోకుండా తీగకి అద్దే మైనం అయిపోయి, డాక్టరుగారు ఫోన్లో చెప్పినట్టు నెయిల్ కట్టర్‌ని స్పిరిట్‌తో తుడిచి మా ఆయనే ఆ చివర కత్తిరించారు. మళ్ళీ కుర్చీలో కూర్చునేసరికి పదకొండు వారాలు గడిచిపోయాయి.

జూన్ నుంచి పళ్ళు మామూలు వేగంతోనే జరిగాయి. వెళ్ళిన ప్రతిసారీ అద్దంలో వెతుక్కున్నా తేడా కనిపించేది కాదు. కావాలంటే మళ్ళీ చిన్నగా గాట్లు పెట్టొచ్చు అన్నారు. వద్దన్నాను. పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలిసేలా చేసే చివరి పనికే ఆరు నెలలు పట్టింది. 2021 ఫిబ్రవరిలో క్లిప్పులు తీశారు. మొత్తం పదమూడు నెలలు. లాక్‌డౌన్ లేకపోతే పది నెలల్లో అయ్యేదేమో. అయినా నాకు అర్థమైంది ఏమిటంటే, గాట్ల వల్ల వచ్చే వేగం మొదటి కొద్ది నెలలదే. ఆ నెలల్లో పేషెంటుకి జ్వరమొచ్చినా, డాక్టరు ఊళ్ళో లేకపోయినా, ఆ వేగం పోయినట్టే. ఇలాంటి ఆపరేషన్ల మీద జరిగిన ప్రయోగాలని, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది. లెక్కలోకి వచ్చినవి నాలుగే ప్రయోగాలు, మొత్తం 57 మంది. పళ్ళు కొంత వేగంగా జరిగినట్టున్నా, ఆధారం బలంగా లేదని తేల్చారు. సగం కాలంలో అయిపోతుందని ఎవరైనా గట్టిగా మాటిస్తుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నాకు మొదటి డాక్టరు చెప్పిన రెండేళ్ళతో పోల్చడం కూడా సరికాదు. ఆయన లెక్క నాలుగు పళ్ళు తీసి ఆ ఖాళీలు మూయడానికి.

ఖర్చు: క్లిప్పులకి 45 వేలు, రెండు దవడల ఆపరేషన్‌కి, పొడికి కలిపి 85 వేలు. స్కాన్లు, క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకునే రిటైనర్లు వేరే. మా బ్యాంకు ఇన్సూరెన్స్‌లో ఒక్క రూపాయి రాలేదు.

మరి నాకు మిగిలిన లాభం ఏమిటి? ఎముక. మొదటి స్కాన్‌లో డాక్టరుగారు నా కింది దవడని పక్కనుంచి కోసినట్టు చూపించారు. ముందు పళ్ళ వేళ్ళ ముందు ఎముక ఉల్లిపొర మందం కూడా లేదు. ఒకచోట అసలు కనిపించనేలేదు. అలాంటి పళ్ళని పీకకుండా ముందుకి జరిపి వరసలో పెడితే వేళ్ళు ఎముక దాటి బయటికొచ్చి చిగుళ్ళు దిగిపోయే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళలో చిగుళ్ళు దిగితే మళ్ళీ వాటంతట అవి ఎక్కవు. వేసిన పొడి ఆ ముందు గోడని మందం చేసింది. 2024లో వేరే పన్ను కోసం స్కాన్ తీయించుకుంటే అక్కడి డాక్టరు ఆ ఎముకని చూసి, ఇక్కడ ఏమైనా చేయించుకున్నారా అని తనే అడిగారు. కింద చిగుళ్ళు ఎక్కడా దిగలేదు. రక్తం రావడం లేదు. ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే, ఎముక పల్చగా ఉండి, పళ్ళు పీకించుకోవడం ఇష్టం లేకపోతే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించమంటాను. ఎముక బాగానే ఉండి, తొందర ఒక్కటే కారణమైతే, ఇంత కోత అక్కర్లేదని నా అభిప్రాయం. చిగురు తెరవకుండా చిన్న చీలికల్లోంచి గాట్లు పెట్టే పైజోసిషన్ అనే పద్ధతి 2009 నుంచి ఉంది. అది దీనికన్నా తేలిక. షుగర్ అదుపులో లేనివాళ్ళు, సిగరెట్ తాగేవాళ్ళు, ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్నవాళ్ళు, చిగుళ్ళ జబ్బుకి ముందు వైద్యం చేయించుకోనివాళ్ళు దీని జోలికి పోకూడదు.

పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి. ఇరుక్కుని ఉన్న పళ్ళు విడిపోయేసరికి కింద రెండు పళ్ళ మధ్య, చిగురు దగ్గర చిన్న నల్లటి త్రికోణంలా సందు మిగిలింది. కొత్తిమీర, కరివేపాకు ముక్కలు అందులోనే చిక్కుకుంటాయి. బాటిల్ బ్రష్ లాంటి బుల్లి బ్రష్ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. ఎముక గట్టిపడ్డాక పళ్ళు ఇక కదలవని కొందరు చెప్తారు. నమ్మకండి. కింద పళ్ళ వెనక అంటించిన తీగ 2023లో ఒక పన్ను దగ్గర ఊడింది. నాలుకకి గరుగ్గా తగిలేది. బ్యాంకులో లెక్కల క్లోజింగ్ పనుల్లో పడి మూడు నెలలు పట్టించుకోలేదు. తీరా చూస్తే ఎడమ పక్క పన్ను కాస్త తిరిగిపోయి, రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ రిటైనర్ దాని దగ్గర కూర్చోవడం లేదు.

తీగ మళ్ళీ అంటించారు, కొత్త రిటైనర్ ఇచ్చారు. తిరిగిన పన్నుని సరిచేయాలంటే ఇంకో నాలుగైదు నెలలు క్లిప్పులు పెట్టాలన్నారు. నేను పెట్టించుకోలేదు. అది అలాగే ఉంది, నాకు తప్ప ఎవరికీ తెలియదు. రిటైనర్ మాత్రం ఒక్క రాత్రి కూడా మానడం లేదు.