విండోలాండా: సైనికుడి సాక్సుల దగ్గరే ఆగిపోయాం

ఇంగ్లండ్ ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ చూద్దామని న్యూకాసిల్ నుంచి ఒక రోజు టూర్ బుక్ చేసుకున్నాం. ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. బస్సు ముప్పావు గంట లేటు, పైగా గోడ పక్కన ఫోటోలకి బోలెడంత టైమిచ్చి విండోలాండా అనే రోమన్ సైనికుల కోటకి మాత్రం గంటన్నరే ఇచ్చారు, అది ఏ మూలకీ చాలదు. మీరు సొంత కారులోనో, సీజన్లో తిరిగే లోకల్ బస్సులోనో (దాని నంబరు ఏడీ 122, అంటే క్రీ.శ. 122, గోడ మొదలుపెట్టిన సంవత్సరమే) వెళ్ళి సగం రోజు అక్కడే ఉండండి.

గోడకంటే పాతది ఈ కోట, సుమారు క్రీ.శ. 85 నాటిది. పాతదాన్ని మట్టితో కప్పేసి దానిమీదే కొత్తది కట్టుకుంటూ పోయారట, కింద గాలి తగలని తడి మట్టిలో చెక్క, తోలు కుళ్ళిపోకుండా ఉండిపోయాయి. అందుకే మ్యూజియంలో పసిపిల్లల బూట్లు కూడా ఉన్నాయి. చెక్క టాయిలెట్ సీటు దగ్గర నుంచి మా అమ్మాయిని లాక్కురావాల్సి వచ్చింది.

అసలు సంగతి 1973 నుంచి బయటపడుతున్న ఉత్తరాలు. పోస్టుకార్డంత పల్చటి చెక్క రేకులు, మన తాళపత్రాల్లా గంటంతో గీసినవి కావు, సిరాతో రాసినవి. సాక్సులు, చెప్పులు రెండు జతలు, లోదుస్తులు రెండు పంపించామని ఒకటి, కుర్రాళ్ళకి బీరు అయిపోయింది పంపండని ఇంకోటి. ఒక లెక్కలో రెండు దినారాల (రోమన్ వెండి నాణేలు) మిరియాలు కూడా ఉన్నాయి, అవి మన దక్షిణాది నుంచి సముద్రం దాటి ఆ చలిలోకి వెళ్ళిన సరుకు మరి! క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకి రమ్మని ఈ కోట అధిపతి భార్య సుల్పీసియా లెపిడీనాని పిలుస్తూ చివర్లో తన చేత్తోనే నాలుగు ముక్కలు రాసింది. ఆప్యాయంగా పిలిచింది గానీ అక్కా అందో చెల్లీ అందో తెలీదు, లాటిన్‌లో రెంటికీ ఒకటే మాట. ఆ ఉత్తరం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్న రేకులు కొన్నే. అది నిరాశే.

ఇంకో ఉత్తరంలో స్థానికుల గురించి, వాళ్ళకి కవచాలుండవు, రౌతులు బోలెడుమంది కానీ కత్తులు వాడరు అని రాసి, వాళ్ళని 'బ్రిట్టుంకులీ' అన్నారు. మన భాషలో బ్రిటన్‌గాళ్ళు అన్నట్టు. ఇక్కడ కాపలా కాసిన బటావియన్లేమో రోమ్ వాళ్ళే కాదు, ఇప్పటి నెదర్లాండ్స్ వైపు తెగ, క్రీ.శ. 69లో రోమ్ మీదే తిరగబడ్డవాళ్ళు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ఇదే దండులో చేరి ఇంకొకళ్ళని గాళ్ళు అనడం! ఆ గాళ్ళు తిరిగి ఏమన్నారో చెప్పే రేకు ఒక్కటీ లేదు, మ్యూజియం కూడా వాళ్ళకి ఇంకాస్త చోటిస్తే బాగుండేది.

తవ్వకాలు జరిగే నెలల్లో వెళ్తే వాలంటీర్లు మట్టి తీస్తుంటే పక్కనే నిలబడి చూడొచ్చు. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటు పట్టుకెళ్ళండి. కోటకి 5కి 4, టూర్‌కి ఒకటి, అదీ డ్రైవర్ మంచివాడు కాబట్టి.